మధ్యాహ్నం తక్కువ తూగే కాటా

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను కాటాలు బాగుచేశాను. కొట్లలో వేలాడే త్రాసులు కావు, లారీలు ఎక్కి నిలబడే కాటాలు. ఈ పనిలో ఒక సౌకర్యం ఉంది. మనల్ని చూసి ఎవరూ సంతోషించరు కాబట్టి ఎవరినీ నిరాశపరిచే ప్రమాదం లేదు. కాటా బాగున్నన్నాళ్ళూ మనం బతికున్నామో లేదో ఎవరికీ పట్టదు. చెడిపోయిన రోజున మాత్రం దాన్ని చెడగొట్టింది మనమే అన్నట్టు ఎదురొస్తారు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ఏదైనా రాయమన్నారు. సలహాలు నా దగ్గర పెద్దగా లేవు. సోల్డరింగ్ ఐరన్‌ను వేడిగా ఉన్న చివర పట్టుకోవద్దన్నది ఒకటుంది గానీ, అది మీరు ఒకసారి పట్టుకుని తెలుసుకుంటారు. అందుకని సలహా బదులు ఒక సంగతి చెబుతాను. ఎనభైల చివర్లో, ఒక ఎండాకాలంలో జరిగింది.

అప్పటికి నేను నరసరావుపేటలో బియస్సీ చదివి, ఎలక్ట్రానిక్ కాటాలు అమ్మే ఒక కంపెనీలో కొత్తగా చేరాను. హైదరాబాదులో కొన్నాళ్ళు శిక్షణ ఇచ్చి, మా ఊరికే తిప్పి పంపారు. ఒక గది, గదిలో ఒక బల్ల, బల్ల మీద ఒక సోల్డరింగ్ ఐరన్, గది బయట 'సర్వీస్ ఇంజనీర్' అని ఒక బోర్డు. ఆ బోర్డు చూసి వీధిలోవాళ్ళు ఇద్దరు ముగ్గురు మిక్సీలు తెచ్చారు. నేను ఇంజనీరును కానని నాకు తెలుసు, కంపెనీకి తెలుసు. మిక్సీలవాళ్ళకు తెలియడానికి ఒక వారం పట్టింది.

అంతకుముందు కాటా అంటే ఇనుప చేతిమీద గుండు జరిపి తూచేది. గుండు ఎక్కడ ఆగిందో ఎవరైనా వంగి చూసుకోవచ్చు. కొత్త కాటాలో గుండు లేదు. లారీ ఎక్కే పలకల కింద ఏవో ఉక్కు ముక్కలుంటాయి, వాటినుంచి ఒక తీగ గదిలో ఉన్న పెట్టెకు వస్తుంది, పెట్టె మీద ఎర్ర అంకెలు వెలుగుతాయి. జనం ఆ అంకెలను నమ్మలేదు. నేను వాళ్ళను తప్పుపట్టలేదు. అవి ఎక్కడినుంచి వస్తాయో నాకూ అప్పటికి పూర్తిగా తెలియదు.

గురజాల దాటాక మాచర్ల రోడ్డు పక్కన అలాంటి కాటా ఒకటి ఉండేది. చుట్టూ నాపరాతి క్వారీలు. లారీలకు రాయి ఎత్తే కూలీలకు టన్ను లెక్కన కూలి. అందుకని ఆ ఎర్ర అంకె ఎంత చూపిస్తే ఆ పూట వాళ్ళ ఇళ్ళలో అంత వండుకునేవాళ్ళు. వాళ్ళ ఫిర్యాదు ఏమిటంటే, పొద్దున లారీలు సరిగా తూగుతున్నాయి, మధ్యాహ్నం లారీలు తక్కువ తూగుతున్నాయి. రాయి అదే, లారీ అదే, ఎత్తినవాళ్ళూ ఆ మనుషులే.

కాటా దగ్గర కూర్చునేది నలభై ఏళ్ళ మనిషి. ఆయనదీ ఆ కూలీల ఊరే, ఆ కూలీల వీధే. పదో తరగతి దాకా చదవబట్టి, రాయి మోసే పని తప్పించుకుని కుర్చీ ఎక్కాడు. రోజూ ఉతికిన తెల్లచొక్కా వేసుకునేవాడు. ఆ దుమ్ములో అది పదింటిదాకా తెల్లగా ఉండేది. కూలీల మేస్త్రి ఆయనకు స్వయానా బావ, అక్క మొగుడు. కాటా యజమాని మాత్రం భూములున్న రైతు, ఊరి రాజకీయాల్లో మనిషి. ఏ మాటైనా ఇద్దరు సాక్షులను పక్కన పెట్టుకుని గానీ చెప్పేవాడు కాదు. గురజాల కోర్టుకు తిరగగా తిరగగా వచ్చిన అలవాటు.

మొదటిసారి పిలిచినప్పుడు పొద్దున బస్సుకు వెళ్ళాను. ఇనుప గుండ్లు పెట్టి తూచాను. అంకెలు బంగారంలా వచ్చాయి. రెండోసారి పిలిస్తే మళ్ళీ పొద్దున బస్సుకే వెళ్ళాను. మళ్ళీ బంగారం. నేను పొద్దునే వెళ్ళడానికి శాస్త్రీయమైన కారణం ఏమీ లేదు. పల్నాడు ఎండలో మధ్యాహ్నం బస్సెక్కడం నాకిష్టం లేదు. రెంటచింతల అక్కడికి దగ్గరే. ఎండల విషయంలో ఆ చుట్టుపక్కల ఊళ్ళు రేడియోలో తమ పేరు చెప్పేదాకా ఊరుకోవు.

రెండోసారి యజమాని నన్ను అరుగు మీద నిలబెట్టి, కూలీలందరి ముందూ అడిగాడు. "మిషన్‌లో ఏమన్నా తేడా ఉందా, లేదా? ఒక్కమాట చెప్పండి."

"మిషన్ బాగుందండీ" అన్నాను.

ఆ ఒక్కమాటతో ఏం జరిగిందో నాకు అప్పుడు తట్టలేదు. మిషన్ బాగుంటే, మధ్యాహ్నం తగ్గిన బరువు ఎవరు తింటున్నట్టు? అందరూ తెల్లచొక్కా వైపు తిరిగారు. నేను బస్సుకు టైమైందని బయల్దేరాను.

నాలుగైదు రోజులకు ఆ కాటా మనిషి నరసరావుపేటలో నా గది వెతుక్కుంటూ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"సార్, మీరు వచ్చినప్పుడల్లా పొద్దునే వస్తన్నారు. మజ్జానం రండి ఒకసారి."

"మిషన్‌కి పొద్దున ఏంటి, మధ్యాహ్నం ఏంటి?"

"నాకు తెలవదు సార్. మనిషికైతే ఉంటది గదా."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. "శుక్రారం నాడు కాటా దిగమన్నాడు సార్ యజమాని. దిగుతా. రాళ్ళు మొయ్యటం నాకేం కొత్తగాదు. దొంగని దింపినట్టు దింపుతున్నారు, అదీ నా బాధ. మా బావ నాతో మాట్టాడి చానా రోజులైంది. కిటికీ కాడ నా మొహానికి ఎదురుగానే నిలబడి, 'ఆ కాటా ఆయన్ని చీటీ ఇమ్మనండి' అని పక్కనోడికి చెప్తాడు. అక్క ఇంటికి పోతే చెంబుతో మజ్జిగ పెట్టి లోపలికి పోయింది. మళ్ళా బయటికి రాలా."

నేను సోల్డరింగ్ ఐరన్‌ను బల్ల మీద ఒక పక్కనుంచి ఇంకో పక్కకు జరిపాను.

"నా మీద పడ్డ అనుమానంలో కాస్తంత ఆ పెట్టె మీద గూడా పడనీయండి సార్" అన్నాడాయన.

మర్నాడు మధ్యాహ్నం బస్సెక్కాను. బస్సు కిటికీ ఊచ ముట్టుకుంటే చెయ్యి వెనక్కి వచ్చింది. కాటా గది రేకుల గది. పడమటి కిటికీ పక్కనే పెట్టె. లోపలికి అడుగుపెడితే, ఇడ్లీల గురించి ఎప్పుడూ కలగని సానుభూతి కలిగింది. కాటా మీద రాయిలారీ ఒకటి నిలబడి ఉంది. పెట్టె మీద అంకెలు చూస్తూ నిలబడ్డాను. అవి నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా తగ్గుతున్నాయి. కనపడనివాళ్ళెవరో ఆ లారీలోంచి రాళ్ళు ఒక్కొక్కటే దించేస్తున్నట్టు.

పెట్టె తెరవాలంటే సీలు తెంపాలి. తెంపడానికీ మళ్ళీ వేయించడానికీ తూనికల శాఖవాళ్ళతో యజమాని మాట్లాడాడు. మాట్లాడటం ఆయనకు వృత్తి. మూత తీసి, పెన్సిల్ వెనక చివరతో బోర్డు మీద ఒక్కో భాగాన్నీ తట్టుకుంటూ వెళ్ళాను. ఒకచోట నొక్కగానే అంకెలు ఎగిరి పాత బరువు దగ్గర నిలబడ్డాయి. పెన్సిల్ తీస్తే మళ్ళీ దిగాయి.

అది బొటనవేలి గోరంత నల్లపలక. అప్పట్లో మాకు తెలిసిన చిప్పులకు లావుపాటి కాళ్ళుండేవి, అవి బోర్డు చిల్లుల్లోంచి కిందికి దిగేవి, కింద అతికిస్తే అయిపోయేది. ఇది విదేశం నుంచి వచ్చిన కొత్త రకం. దీనికి చిల్లులు లేవు. నాలుగు వైపులా పేలదువ్వెన పళ్ళంత దగ్గరగా కాళ్ళు, అవి బోర్డు మీద అంతే సన్నటి రాగి గీతల మీద ఆనుకుని ఉంటాయి. శిక్షణలో దీన్ని మాకు దూరం నుంచి చూపించి, "దీని జోలికి పోవద్దు" అని ముగించారు. ఇప్పుడు ఒక వైపు కాళ్ళన్నీ తెల్లగా, పచ్చగా పొక్కులు కట్టి ఉన్నాయి. ఎండకు బోర్డు వేడెక్కినప్పుడల్లా ఆ తుప్పుపట్టిన అతుకులు విడిపోతున్నాయి, చల్లబడితే కలుస్తున్నాయి.

"దీని మీద ఏదన్నా తడి పడిందా?" అని కాటా మనిషిని అడిగాను.

"ఏం పడలా సార్. మంచినీళ్ళ చెంబు గూడా ఈ బల్ల మీద పెట్టనియ్యను. శుక్రారం శుక్రారం కొబ్బరికాయ కొడతా, అంతే."

"ఎక్కడ కొడతారు?"

"బయట రాయి మీదనే. ఆ నీళ్ళు మటుకు రెండు చుక్కలు దీని మీద చల్లుతా."

మూత పైన గాలి కోసం పెట్టిన సన్నని చీలికలున్నాయి. సరిగ్గా ఆ చీలికల కిందే నల్లపలక.

"కాటా మీద చల్లొచ్చు గదా."

"అది ఇనుం సార్. మాట చెప్పేది ఇది గదా" అని పెట్టె చూపించాడు. కాసేపు నా మొహం చూశాడు. ఆయనకు అర్థమైంది. "కాటా అన్నాయంగా తూగకూడదని మొక్కుకునేవాణ్ణి సార్" అన్నాడు నెమ్మదిగా. కుర్చీ మీద కూర్చున్నాడు.

గుంటూరులో మా సీనియర్‌కు ట్రంకాల్ చేశాను. ఎప్పుడూ తొందరపడని మనిషి. అంతా విని, "కొత్త బోర్డు హైదరాబాదు నుంచి వచ్చేసరికి వానలు పడతాయి. వానలు పడ్డాక వేడుండదు. వేడి లేకపోతే కంప్లయింటూ ఉండదు. ఆగమను" అన్నాడు.

"శుక్రవారం ఆ మనిషిని దింపేస్తారండీ."

"అయితే చిప్పు మార్చు. రెండున్నాయి నా దగ్గర. బస్సు కండక్టరుకిచ్చి పంపుతా. విను. కాళ్ళు ఒక్కోటీ అతికించాలని చూడకు, నువ్వు ముసలాడివైపోతావు. ఎదురెదురు మూలలు రెండు పట్టించి పలకను కదలకుండా చెయ్యి. తర్వాత రోజిన్ దండిగా పూసి, వరసంతా సీసం పారించు. కాళ్ళన్నీ కలిసిపోతాయి. భయపడకు. రాగి అల్లిక పెట్టి ఎక్కువైన సీసం పీల్చెయ్. ఉండాల్సింది ఉంటుంది."

"ఉండకపోతే?"

"రెండో చిప్పుంది గదా."

"అదీ పోతే?"

"డిగ్రీ చేశావు గదూ? బీఈడీకి పెట్టు."

ఆ వారం నేను ఒకచోట కుదురుగా కూర్చోలేదు. గదిలో పాడైన బోర్డు ఒకటుంటే, దాని మీది పలకను పీకడం, అతికించడం, మళ్ళీ పీకడం. మొదటిసారి కాళ్ళన్నీ కలిసి ఒకే వెండి కడ్డీ అయ్యాయి. రెండోసారి వేడి ఎక్కువై రాగి గీతలే పైకి లేచి, ఎండిన అరిటాకు నారలా చుట్టుకున్నాయి. ఐరన్ బిట్టు రాగిది, మరీ లావు. దాన్ని ఆకురాయితో అరగదీసి పెన్సిల్ మొనలా చేశాను. సీసం సాఫీగా పారడానికి పూసే రోజిన్ గడ్డను పొడిచేసి స్పిరిట్‌లో కరిగించాను. రాగి అల్లిక కోసం టీవీ యాంటెనా వైరు చీల్చాను. మా మేడమీద వాళ్ళకు ఆ ఆదివారం బొమ్మ రాలేదు, కారణం వాళ్ళకు ఇప్పటికీ తెలియదు. గడియారాల కొట్టతన్ని కంటికి పెట్టుకునే భూతద్దం అడిగాను. ఇస్తూ ఇస్తూ, "వణికే చేతికి అద్దం పెడితే వణుకే పెద్దగా కనపడుద్ది అబ్బాయ్, చూసుకో" అన్నాడు. నిజమే. అద్దంలోంచి నా వేలు చూసుకుంటే ఎవరో పెద్దమనిషి చలిజ్వరంతో ఉన్నట్టుంది. అన్నం తింటున్నా, బస్టాండులో నడుస్తున్నా, బొటనవేలూ చూపుడువేలూ గాలిలో ఏదో అతికిస్తూనే ఉండేవి. హోటల్లో ఒకాయన నన్ను చూసి తన కుర్చీ జరుపుకున్నాడు.

శుక్రవారం తెల్లవారుతూనే వెళ్ళాను. పెట్టెను గదికి తీసుకుపోయి తీరుబడిగా చేసుకొస్తానన్నది నా ఆలోచన. మేస్త్రి ఒప్పుకోలేదు. గట్టి మనిషి, మాటలు తక్కువ. నాతో కూడా నేరుగా మాట్లాడలేదు. పక్కనున్న కూలీతో, "ఇంజినీరు బాబుకి చెప్పు, ఏం చేసినా మా కళ్ళముందే చెయ్యమని. పెట్టె గడప దాటిందంటే లోపల ఏం మార్చుకొస్తారో మాకేం ఎరుక" అన్నాడు. యజమాని సాక్షుల వైపు చూసి, సరేనన్నాడు.

పరీక్ష కూడా మేస్త్రే పెట్టాడు. చల్లగా ఉన్నప్పుడే రాయిలారీ ఒకటి కాటా ఎక్కించారు. వచ్చిన అంకెను ఆయనే సుద్దముక్కతో లారీ పక్కచెక్క మీద రాశాడు. లారీని పక్కన ఆపేశారు. మిట్టమధ్యాహ్నం మళ్ళీ ఎక్కించాలి. అంకె అదే రావాలి. రాకపోతే కాటా మనిషి దిగిపోవాలి.

ఇక నా వంతు. కిటికీ దగ్గర వెలుతురులో బల్ల వేయించుకుని కూర్చున్నాను. ఐరన్ మొన మీదికి గాలి తగిలితే చల్లబడుతుందని ఫ్యాను ఆపించాను. గదిలో పది పన్నెండు మంది, కిటికీ బయట ఇంకా ఎక్కువ. చెమట బోర్డు మీద పడకుండా కాటా మనిషి నా పక్కన నిలబడి తువ్వాలుతో నా నుదురు తుడుస్తున్నాడు. పెళ్ళికొడుక్కి కూడా అంత మర్యాద జరగదు.

కంటికి అద్దం పెట్టుకుని పాత పలక కాళ్ళను బ్లేడుతో కోసి, తుప్పును స్పిరిట్‌తో కడిగాను. కొత్త పలకను పట్టకారుతో పట్టి దించాను. కిటికీలోంచి ఒక ముసలి కూలీ, ఆమె పక్కన ఇంకో పడుచు కూలీ వంగి చూశారు.

"ఏం చేస్తన్నాడే?"

"పేలు చూస్తన్నట్టుంది."

"అద్దమెట్టుకుని చూస్తన్నాడంటే చానా చిన్నయ్యి."

"మాయమ్మకి అద్దం అక్కర్లా. చీకట్లో గూడా తీసిద్ది."

"అయితే మీయమ్మని పిలవ్వే, ఈ బాబు ఇంటికి పోతాడు."

నవ్వకూడదు. నవ్వితే చెయ్యి కదులుతుంది. ఊపిరి బిగబట్టి రెండు మూలలు పట్టించాను. రోజిన్ పూసి మొదటి వరస మొదలుపెట్టాను. సీసం పారడం లేదు. ఎండిన పిండిలా ముద్దకడుతోంది. ఐరన్ మొన చల్లబడిపోయింది. బల్బు వైపు చూస్తే నారింజ రంగులో ఉంది. రోడ్డవతల నాపరాయి పాలిషింగు మిషన్ వేసినట్టున్నారు, వోల్టేజీ పడిపోయింది.

"వోల్టేజీ లేదు" అన్నాను.

గోడకానుకుని నిలబడ్డ మేస్త్రి బయటికి వెళ్ళాడు. రోడ్డవతలి నుంచి ఆయన గొంతు వినిపించింది. "ఒరేయ్, ఆపండ్రా దాన్ని. ఆ రాయి యాడికీ పోదులే. మేం చెప్పిందాకా వెయ్యమాకండి." గరగర ఆగింది. బల్బు తెల్లబడింది. ఆయన లోపలికొచ్చి మళ్ళీ గోడకానుకుని నిలబడ్డాడు. ఆయనకు కావలసింది బావమరిది దొంగ కావడమా, కాకపోవడమా అని ఆ మొహం చూసి చెప్పడం ఎవరితరమూ కాదు.

ఈసారి సీసం పారింది. నాలుగు వరసలూ పారించాను, అల్లికతో పీల్చాను. అద్దంలోంచి చూస్తే ఒక్కో కాలి పక్కనా ఒక్కో సన్నని చీకటిగీత. ఏ రెండు కాళ్ళూ కలవలేదు. అంత చక్కగా నేను జీవితంలో ఇంకేదీ అతికించలేదు. అద్దం తీసి, నడుం విరుచుకుని, దూరం నుంచి ఒకసారి చూసుకున్నాను. పలక మీద ఒక మూల చిన్న చుక్క ఉంటుంది, ఏ మూల ఎటు ఉండాలో తెలియడానికి. ఆ చుక్క అవతలి మూలన ఉంది. అంటే పలకను తప్పు వైపుకు తిప్పి అతికించాను.

కరెంటు ఇవ్వకముందే చూశాను, అదొక్కటే అదృష్టం. నా మొహంలో రంగు మారడం ముందు ముసలమ్మ కనిపెట్టింది.

"ఏమైంది బాబూ?"

"ఏం లేదమ్మా. తిరగేసి పెట్టాను."

"తిప్పు మరి."

ఆమె దృష్టిలో అది పీట తిప్పినంత పని. యజమాని సాక్షుల వైపు చూశాడు. కాటా మనిషి వంగి, బల్ల మీది రెండో పలక చూపించి, నాకు మాత్రమే వినపడేలా, "ఇంకోటుంది గదా సార్" అన్నాడు. ఆ మాట నేను ఆయనకు చెప్పాల్సింది.

అంత అందంగా అతికించిన పలక కాళ్ళన్నీ బ్లేడుతో కోశాను. కోస్తుంటే బాధేసింది. రాగి గీతలు లేవకుండా సీసం తుడిచాను. రెండో పలకను పట్టుకుని చుక్క ఎటుందో నేను చూసుకున్నాను, కాటా మనిషికి చూపించాను, ముసలమ్మకూ చూపించాను. ముగ్గురం ఒప్పుకున్నాక దించాను. ఈసారి కాళ్ళు అంత తీరుగా రాలేదు. రెండుచోట్ల సీసం కలిసిపోయింది, మళ్ళీ పీల్చాల్సి వచ్చింది. ఒక కాలు కొంచెం వంగింది. కానీ ఆశ్చర్యంగా, చెయ్యి వణకడం మానేసింది. అప్పటికే పరువు పోయింది కాబట్టి ఇంక దానికి భయపడే పని లేకపోయింది. స్పిరిట్‌తో శుభ్రంగా కడిగి, ఆరనిచ్చి, మూత పెట్టాను.

మిట్టమధ్యాహ్నమైంది. రేకులు టిక్కుటిక్కుమంటున్నాయి. డ్రైవరు లారీని కాటా ఎక్కించబోతుంటే కూలీల్లో ఒకడు అడ్డం వచ్చాడు.

"ఆగు. నువ్వు పొద్దున అన్నం తినలా. ఇప్పుడు తిన్నావ్. బరువు తేడా రాదా?"

"నేను దిగి నిలబడితే సరిపోద్దా?"

"పొద్దున దిగలేదు గదా నువ్వు."

ఆ చర్చ ఇంకాసేపు సాగేదే. మేస్త్రి ఒక చూపు చూశాడు, ఆగిపోయింది. లారీ ఎక్కింది. అంకెలు పరిగెత్తి, తడబడి, నిలబడ్డాయి. ఒకడు చెక్క మీది సుద్ద అంకె గట్టిగా చదివాడు. అదే అంకె.

కూలీలకు అది చాల్లేదు. ఇంకా ఎండెక్కనివ్వమన్నారు. ఎక్కనిచ్చాం. పెట్టె మీద చెయ్యి పెడితే కాలుతోంది. అంకె కదల్లేదు. అయినా ఆ వంగిన కాలు సంగతి నాకొక్కడికే తెలుసు.

యజమాని గొంతు సవరించుకున్నాడు. "ఇంతకీ దేనివల్ల పోయింది మిషను? నలుగురికీ చెప్పండి."

"తడి తగిలి తుప్పుపట్టిందండీ" అన్నాను. అది అబద్ధం కాదు.

"ఎండాకాలం తడెక్కడిది?" అన్నాడు మేస్త్రి, పక్కవాడితో.

నేను ఏదో ఒకటి అల్లబోయాను. అంతలో కాటా మనిషి ముందుకొచ్చాడు. "నేనే బావా. శుక్రారం శుక్రారం కొబ్బరినీళ్ళు చల్లా దీని మీద. అయ్యి లోపలికి దిగినయ్యి."

బయట ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. మేస్త్రి పై తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి నడిచాడు. కూలీలు ఆయన వెనకే వెళ్ళారు. యజమాని సాక్షులను లేపుతూ, "మనిషిని ఉంచాలా వద్దా నలుగురం అనుకుని చెబుతాంలే" అన్నాడు. గదిలో నేనూ కాటా మనిషీ మిగిలాం. ఫ్యాను వెయ్యొచ్చని ఇద్దరికీ గుర్తురాలేదు.

"చెప్పకుండా ఉండాల్సింది" అన్నాను.

"మీరు కష్టపడి మిషన్ నిజం చెప్పేట్టు చేశారు సార్. పక్కన కూసోని నేను అబద్ధం చెప్తే ఏం బాగుంటది" అన్నాడు. చొక్కా జేబులోంచి కర్చీఫు తీసి పెట్టె మీది దుమ్ము తుడిచాడు.

తిరుగు బస్సులో నాకు కూర్చోబుద్ధి కాలేదు, సీటున్నా నిలబడే వచ్చాను. మర్నాడు పొద్దున్నించీ అదే వరస. ఆ వంగిన కాలు విడిపోతే? ఈసారి విడిపోయిందంటే ఆ మనిషి మాట ఇంకెవరూ వినరు. కంపెనీ పిలవలేదు, యజమాని పిలవలేదు, వెళ్ళడానికి పని లేదు. మధ్యాహ్నం బస్సుకు నా అంతట నేనే టిక్కెట్టు తీసుకున్నాను. పొద్దున బస్సు ఖాళీగా పోతుంటే చూస్తూ కూడా ఎక్కలేదు.

కాటాకు ఎదురుగా సోడాకొట్టు దగ్గర దిగి, పందిరి వెనక నిలబడ్డాను. లోపలికి వెళ్తే ఎందుకొచ్చావంటారు. అతుకు మీద నాకే నమ్మకం లేదని చెప్పడం బాగుండదు. కిటికీలో చొక్కా తెల్లగా కనపడింది, ఆయన్ని ఇంకా దింపలేదన్నమాట. పది దాటి చాలాసేపయినా తెల్లగానే ఉంది. ఆ పూట దుమ్ము తక్కువో, పొద్దున నుంచీ లారీలు రాలేదో తెలియలేదు. రాలేదనుకుని కంగారుపడ్డాను.

అంతలో రాయిలారీ ఒకటి వచ్చి కాటా ఎక్కింది. వెనకే కూలీలు, వాళ్ళ ముందు మేస్త్రి. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ చువ్వల మీద పెట్టాడు. మాట చేరవెయ్యడానికి పక్కన మనిషి ఎవరూ లేరు. నా చేతిలో సోడా వేడెక్కిపోయింది.

"ఏరా పూజారీ" అన్నాడు మేస్త్రి. రోడ్డు అవతలికి కూడా వినపడింది. "చీటీ రాస్తావా, ఇంకా ఏమన్నా అభిషేకాలున్నయ్యా?"

నేను పందిరి గుంజ పట్టుకున్నాను.

"నీ లారీ వెనక టైరు ఇంకా నేలమీదనే ఉంది బావా" అన్నాడు లోపలి మనిషి. "అంత వయసొచ్చింది, లారీ ఎక్కించటం రాదు గానీ, నా పూజలు నీకెందుకు? ముందు దాన్ని సక్కంగా ఎక్కించి మాట్టాడు."

మేస్త్రి వెనక్కి తిరిగి డ్రైవర్‌ను తిట్టాడు. డ్రైవరు లారీని ముందుకు జరిపాడు. వాళ్ళిద్దరూ కిటికీకి అటూ ఇటూ ఇంకా ఏదో అనుకుంటూనే ఉన్నారు, లారీ ఇంజను చప్పుడులో నాకు వినపడలేదు.

నరసరావుపేట బస్సు వస్తే ఎక్కేశాను. ఊరు దాటాక గానీ తట్టలేదు, అంతదూరం వెళ్ళినవాణ్ణి, పెట్టె మీద అంకె ఎంతుందో చూడనేలేదని.